బోర్డు కింద చెప్పు

అంగడికి పోవాల్సిన బోర్డు చానా దినాలు మా పడసాలలోనే కాపురముండింది. జొన్నల మూట పక్కన, గోడకు మొగం తిప్పి పెట్టింటిమి. ఇంటికొచ్చినోళ్లంతా "ఇదేంది యశోదమ్మా?" అని అడిగేది, నేను "అంగడి బోర్డు" అనేది, "అంగడికి కట్టకుండా ఇంట్లో పెట్టుకుంటే ఎట్లమ్మా?" అని వాళ్లు నాకు బుద్ధి చెప్పేది. ఆ సంగతి నాకు తెలియదా? పోయి మున్సిపాలిటీ వాళ్లకు చెప్పండి అని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. రేకు బోర్డు, అంచులు కత్తి మాదిరి ఉంటాయి. నిద్రలో ఎవరి మీద పడుతుందో అని దాని ముందర సన్నెకల్లు అడ్డం పెట్టి పండుకునేదాన్ని.

బోర్డు మా కోదండరామి అంగడిది. అంగడి పెట్టకముందు వాడు సండూరు గనుల నుంచి ఇనుపరాయి తోలే లారీకి డ్రైవరు. వాళ్ల నాయన రామసుబ్బదీ అదే పని, కాకపోతే ఆయనది సొంత లారీ. తారానగర్ దిగుడులో ఒకనాడు బ్రేకు పట్టలేదు. లారీని కొండకేసి గుద్ది నిలబెట్టినాడు కాబట్టి మనిషి మిగిలినాడు, కుడికాలు మాత్రం వంకరైపాయె. లారీ వెనకాల నేను దిష్టికి కట్టిన పాత చెప్పు, దారం పుచ్చి యాడనో రాలిపోయిన వారంలోనే అది జరిగింది. ఎవరు ఏమన్నా అననీ, నేను మాత్రం ఆ రెండూ విడదీసి చూడలేను.

లారీ అమ్మేస్తిమి. కోదండరామి ఊరుకున్నాడా? ఇంకొకరి లారీ ఎక్కినాడు. వాడు ఇల్లు చేరేదాకా ఏ లారీ హారనూ వినిపించకపోతే ఒక భయం, వేరే లారీ మా సందు మొగదాల ఆగితే కబురు తెచ్చినారేమో అని ఇంకొక భయం. కాళ్లావేళ్లా పడి, తిండి మానేసి, ఏడ్చి, ఎట్లనో దించినాను. బెంగుళూరు కంపెనీ ఒకటి లారీ బ్రేకు లైనింగుల ఏజెన్సీ ఇస్తామనె. బస్టాండు పక్క నాగరత్నమ్మగారి అంగడి గది ఒకటి, మడిగె అంటారు దాన్ని, బాడుగకు తీసుకుంటిమి. వాని జాతకంలో శని బాగలేదంటే అంగడి నా పేరుతో పెడితిమి. అక్కడే నా కాళ్లకు ఆఫీసు తిరుగుడు తగులుకున్నది.

కంపెనీ మనిషి బళ్లారిలో దిగి మా ఊరికి వచ్చి కాఫీ తాగి చెప్పిపోయినాడు. "అంగడి ముందర మా బోర్డు ఉండాల. ఆ బోర్డుకు మున్సిపాలిటీ పర్మిషను ఉండాల. ఒక ఊర్లో పర్మిషను లేదని బోర్డు పీకి చెత్తబండిలో వేసుకోని పోయినారు, మా పేరు పోయింది. ఉగాదిలోపల చూపించండి, సరుకు పంపిస్తాం. లేదంటే కురుగోడులో ఒకాయన కాచుకోని ఉండాడు."

"బోర్డు దేనికి?" అన్నాడు మా ఇంటాయన, కాలు చాపి చూపిస్తా. "నన్ను అంగడి ముందర కూర్చోబెట్టండి. బ్రేకు లేకపోతే ఏమైతుందో చదువు రానోనికి గూడ తెలుస్తుంది."

కోదండరామి నవ్వినాడు. నవ్వి, "ఏజెన్సీ పోతే నేను ఈడ ఈగలు తోలుకుంటా కూర్చోనుమా. గాళెప్ప లారీకి డ్రైవర్ లేడంట. రమ్మంటాండాడు" అన్నాడు.

ఆ మాటతో ఇంక నాకు ఆ బోర్డు బోర్డుగా కనపడలేదు, వాడు లారీ ఎక్కకుండా వేసే బ్రేకు మాదిరి కనపడె.

మున్సిపాలిటీలో క్లార్కు మల్లికార్జునయ్య. మంచోడే, కసురుకోడు. కానీ ఆయన నోట్లో 'నాళె బన్ని' అనే మాట తప్ప వేరే మాట పుట్టదు. రేపు రండి అని. మొదటి తూరి పోతే బోర్డు చూసి, "తెలుగు పైన, కన్నడం కిందనా? కన్నడం పైన ఉండాల, పెద్దగా ఉండాల" అన్నాడు. సరే, ఉండేది కన్నడ నాడు, న్యాయమే. పెయింటర్ హుసేనప్ప దగ్గరికి మోసుకొని పోతిమి. ఆయప్ప తెలుగును చెరిపి, పైన కన్నడం ఇంత ఇంత అక్షరాలతో రాసి, కింద తెలుగుకు జాగా చాలక చీమల బారు మాదిరి రాసిచ్చినాడు. రెండోతూరి పోతే, మడిగె యజమాని ఒప్పుకోలు కావాలన్నాడు. నాగరత్నమ్మగారు కూతురు కాన్పుకని ఆదోనికి పోయిండారు. ఆమె వచ్చేదాకా కాచుకొని, చేవ్రాలు పెట్టించుకొని పోతే, ఇనస్పెక్టరు చూడాలన్నాడు.

ఇనస్పెక్టరు విరూపాక్షయ్య. ఆయన సీట్లో ఉన్నపుడు మల్లికార్జునయ్య ఉండడు, ఈయన ఉన్నపుడు ఆయన ఉండడు. ఒకనాడు దేవుని దయవల్ల ఇద్దరూ ఉండారు.

"బోర్డు యాడుండాదమ్మా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"ఇంట్లో ఉండాది సార్."

"ఇంట్లో ఉంటే నేనేం కొలవాల? గోడ నుంచి రోడ్డు మీదికి ఎంత వస్తుందో చూడాల కదా. తగిలించినాక పిలువు."

"పర్మిషను లేకుండా తగిలించకూడదని ఈ సారే చెప్పినాడు కదా."

"అవును. తగిలించకూడదు" అన్నాడు మల్లికార్జునయ్య.

"తగిలించకుండా కొలవకూడదు" అన్నాడు ఇనస్పెక్టరు.

ఇద్దరూ నా దిక్కే చూస్తాండారు, తప్పంతా నేను చేసినట్ల. మా కోదండరామి పళ్లు కొరుకుతాండాడు. వీడు ఏమన్నా అంటాడేమో, వాళ్లు పోలీసులను పిలుస్తారేమో, అంగడి లేదు, లారీ లేదు, జైలుకు జొన్నరొట్టె మోయాల్సి వస్తుందేమో అని నేను వాని చొక్కా వెనక నుంచి పట్టుకున్నా.

కడాకు విరూపాక్షయ్యకే జాలి పుట్టింది. "శుక్రవారం పొద్దున తగిలించండి. నేనొచ్చి కొలుచుకుంటా. కొలిచినాక దించేయండి. దించినాక పర్మిషను ఇస్తాం. ఇచ్చినాక మళ్లా తగిలించండి" అన్నాడు.

"దీనికన్నా సండూరు కొండెక్కేది సులభం" అని గొణిగినాడు కోదండరామి.

శుక్రవారం పొద్దున్నే పోయినాం. వాడు నిచ్చెన ఎక్కి బోర్డు తగిలించె. నీలం రేకు మీద తెల్లటి అక్షరాలు ఎండకు తళతళ మెరుస్తాంటే బస్సు దిగినోళ్లంతా తల ఎత్తి చూసేవాళ్లే. ఇంతమంది చూపు! పైగా దీనికి ఇంకా పసుపు లేదు, కుంకుమ లేదు, ఏ కట్టూ లేదు.

"ఏమయ్యా, నీ చెప్పు ఇట్లియ్యి" అన్నా మా ఇంటాయనతో.

"కొత్తవే!"

"పాతది సంచిలో ఉండాది కదా, ఎడమకాలిది. బాగుచేయించుకుంటానని తెచ్చినావే, అది."

ఆయన తీసిచ్చినాడు. నల్లదారం నా కొంగు ముడిలో ఎప్పుడూ ఉంటాది. మా ఇంట్లో కొత్త లారీ వస్తే కట్టినాం, పాత లారీ కొంటే కట్టినాం, ఆఖరికి మా మరిది సైకిలు కొంటే సీటు కింద చిన్నపిల్లల చెప్పు కట్టినాం. కోదండరామి నిచ్చెన మీదనే ఉన్నాడు, వానికిస్తే వాడే బోర్డు నడిమధ్యన కిందికి వేలాడేటట్ల కట్టినాడు. ముగ్గురం చూసి బాగుండాదనుకున్నాం. అంతమంది లారీ మనుషులం, ఒక్కరికైనా తట్టకపాయె.

విరూపాక్షయ్య వచ్చినాడు. టేపు తీసినాడు. తల పైకెత్తినాడు. ఎత్తిన తల అట్లే నిలిచిపాయె.

"ఏనమ్మా ఇదు?"

"దిష్టికి సార్."

"దిష్టి సరే. పైన ఏముండాది?"

"బోర్డు సార్."

"బోర్డు మీద ఏముండాది?"

అప్పుడు చూసినా. కన్నడ అక్షరాలు. ఇంత ఇంతవి. సరిగ్గా వాటి కింద మా ఇంటాయన చెప్పు గాలికి ఊగుతాండాది.

పక్క హోటల్లో కాఫీ తాగుతాండే పిల్లోళ్లు గ్లాసులు పట్టుకొనే వచ్చినారు. వాళ్లు కన్నడ సంఘం పిల్లోళ్లు. ఒకడు, "తెలుగోళ్లకు ఎంత పొగరు! కన్నడాన్ని పెద్దగా రాయమంటే దాని కింద చెప్పు కడతారా?" అన్నాడు.

"లేదప్పా, అట్ల కాదప్పా, లారీకి కట్టినట్ల..." అంటాండా నేను.

"ఇది లారీనా?" అన్నాడు వాడు.

కోదండరామి చెప్పు తెంపి సంచిలో వేసినాడు. బోర్డు దించినాడు. విరూపాక్షయ్య టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సంఘం అధ్యక్షుడు హొన్నప్ప సరే అంటేనే నేను దీనికి చేయి పెడతా. లేకపోతే రేపు నా కిటికీ అద్దాలు పగులుతాయి" అని స్కూటరెక్కినాడు.

మాపటికి హొన్నప్ప నుంచి కబురు వచ్చింది. బోర్డును సర్కిల్లో పెట్టి పాలతో కడిగి, నలుగురి ముందర తప్పయిందని చెప్పాలంట.

"చెప్తాం నాయనా, దాందేముంది" అన్నా నేను. నాకైతే చెప్పేదే మేలు. నాకు పొద్దున్నుంచి మడిగెకు నిప్పు పెట్టినట్ల, నాగరత్నమ్మగారు ఆదోని నుంచి వచ్చి గుండెలు బాదుకుంటాన్నట్ల, మేం మూటలెత్తుకొని యాడికో పోతాన్నట్ల కండ్ల ముందర ఆడతాండాది.

"నేను చెప్పను" అన్నాడు కోదండరామి. "నేనేమి తప్పు చేసినానని? ఈ ఊర్లో పుట్టినా, ఈ ఊరి బళ్లో కన్నడం చదివినా. మా నాయన చెప్పు కట్టినా, వాళ్ల చెప్పు కట్టినానా? సర్కిల్లో నిలబడి మొక్కినోని అంగడికి రేపు ఎవడొస్తాడుమా? ఈ బోర్డూ వద్దు, ఈ ఏజెన్సీ వద్దు."

తెల్లారి చూస్తే గోడ మేకుకు వాని ఖాకీ చొక్కా లేదు. సండూరు బస్సెక్కి గాళెప్పతో మాట్లాడేదానికి పోయినాడంట, సోమవారం నుంచి లారీ ఎక్కుతాడంట. మా ఇంటాయన ఆ మాట చెప్తా చెప్తా నా మొగం చూడలేదు.

"నువ్వు పోనిచ్చినావా?" అన్నా.

"వాడు నా కాలు మాదిరి వంకరగా లేడు కదే, పట్టుకొని నిలిపేదానికి. జరుగు, నేనే పోయి హొన్నప్పతో మాట్లాడతా."

"నువ్వు పోతే జగడమే. కూర్చో."

నేనే పోయినా. టెంకాయ, ఆకువక్క సంచిలో పెట్టుకున్నా. పోతా పోతా దావంతా ఎట్ల తిడతారో, ఎట్ల తోస్తారో అన్నీ అనుకుంటానే పోయినా. హొన్నప్పకు కూరగాయలు తోలే టెంపో ఒకటుండాది. ఇంటి ముందర బకెట్టు పెట్టుకొని దాన్ని కడుగుతాండాడు. నేను టెంపో వెనక పక్క నుంచి పోయినా కాబట్టి ముందుగా కనపడింది ఆయప్ప కాదు. టెంపో వెనక కన్నడంలో 'తాయి భువనేశ్వరి కృపె' అని, కన్నడ తల్లి దయ అని, ఎర్రగా పచ్చగా రాసి ఉండాది. దాని కింద, నల్లదారంతో, ఒక పాత చెప్పు.

నేను జగడానికి అడగలేదు. నిజంగానే నాకు అర్థం కాక అడిగినా. "హొన్నప్పా, ఇది నువ్వెందుకు కట్టినావప్పా?"

ఆయప్ప చెప్పును చూసె. నన్ను చూసె. చేతిలో గుడ్డ నీళ్లు కారుతాండాది.

"అదు బేరె" అన్నాడు. అది వేరే అంట.

"ఎట్ల వేరప్పా?"

"అది బండి. బండికి కడతారు. మీది అంగడి."

"మా ఇంట్లో బండ్లే తప్ప అంగడి ఎప్పుడుండాదప్పా? అంగడికి ఏం కట్టాలో మాకెవరు చెప్పినారు?"

"దేవి పేరుకూ దీనికీ మధ్యన జానెడు జాగా ఉండాది. మీది ఆనుకొని ఉండాదంట."

"మాదీ జానెడు ఉండాది. కావాలంటే నీ చేతి జానతోనే కొలువు."

లోపల నుంచి ఆయన భార్య ఉచ్చంగెమ్మ రుబ్బుతాన్న పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "వేరే లేదు, గీరే లేదు. కట్టింది నేను. పోయినేడు ఈ మనిషి కురుగోడు దావలో ఎద్దులబండిని తప్పించబోయి కాలవలోకి దించినాడే, ఆ మర్నాడు కట్టినా. దేవి పేరు కిందనే కట్టినా, దేవికి కోపం రాలేదు, నీ సంఘానికి వచ్చిందా?"

"నువ్వు లోపలికి నడువే" అన్నాడు హొన్నప్ప.

"నడుస్తా. నీ టెంపోను కూడా సర్కిల్లో పెట్టి పాలతో కడుగు. పాలు నేనే పోస్తా."

హొన్నప్పకు నవ్వు ఆగలేదు, ఆపుకోవాలని చూసి దగ్గినాడు. ఉచ్చంగెమ్మ నన్ను కూర్చోమని పీట వేసింది. నేను కూర్చున్నా కానీ నాకు నవ్వు రాలేదు. "అప్పా, మా వాడు సోమవారం లారీ ఎక్కుతాడంట. వాళ్ల నాయన కాలు నువ్వు చూసినావు కదా" అన్నా. ఆకువక్క తీసి ముందర పెట్టినా.

ఆయప్ప గుడ్డ పిండి ఆరేసి, చొక్కా వేసుకోని, "నడువమ్మా మున్సిపాలిటీకి" అన్నాడు.

విరూపాక్షయ్య హొన్నప్పను చూసి కుర్చీలోంచి లేచె. హొన్నప్ప ఒకటే మాట చెప్పినాడు, "తప్పు తెలీక జరిగింది, సంఘం తరఫున ఏ తకరారూ లేదు" అని. టెంపో సంగతి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అయినా అంత సులభంగా పని అయ్యేదైతే దాన్ని ఆఫీసు అని ఎందుకంటారు? విరూపాక్షయ్య, మల్లికార్జునయ్య తలకాయలు దగ్గర పెట్టి చానాసేపు గుసగుసలాడినారు. ఆ తర్వాత ఒక షరతు రాసినారు. బోర్డుకు పైన గానీ, కింద గానీ, పక్కన గానీ ఏ వస్తువూ కట్టకూడదు. చెప్పు, నిమ్మకాయ, గుమ్మడికాయ, బొమ్మ, ఏదీ. కట్టినారంటే పర్మిషను రద్దు.

"అంగడి మీ పేరుతో ఉండాది. చేవ్రాలు మీరే పెట్టాల" అని పెన్ను నా చేతికిచ్చినాడు మల్లికార్జునయ్య.

పెన్ను మూత తీసి, మళ్లా పెట్టినా. బస్టాండు ముందర, అంత మెరిసే బోర్డు, ఊరి కండ్లన్నీ దాని మీద. ఒక నిమ్మకాయ గూడ లేకుండా. దారం పుచ్చి చెప్పు రాలిపోతేనే మనిషి కాలు పాయె. ఇక్కడ నేనే నా చేత్తో ఏదీ కట్టనని రాసిస్తాండా.

"నిమ్మకాయైనా సార్..." అన్నా.

"యశోదమ్మా, నిమ్మకాయతో మొదలైతే గుమ్మడికాయ దాకా వస్తుంది. అది యావనిదైనా తల మీద పడితే నేను జవాబు చెప్పాల" అన్నాడు విరూపాక్షయ్య.

అప్పుడు నాకు ఒకటి అనిపించింది. బోర్డుకు దిష్టి తగిలితే ఏమైతుంది? రేకు సొట్టపోతుంది. రంగు పోతుంది. గాలికి కిందపడుతుంది. లారీకి తగిలితే? చేవ్రాలు పెట్టేసినా.

ఆ మాపున కోదండరామి సండూరు నుంచి దిగినాడు. వాని చేతిలో కాగితం పెట్టినా. చదివినాడు. మళ్లా చదివినాడు. "ఏమీ కట్టకూడదా? నువ్వు ఒప్పుకున్నావా?" అన్నాడు, నాకు జ్వరమేమన్నా వచ్చిందా అన్నట్ల చూసి. "ఖాకీ చొక్కా తీసి మూలకేయి ముందు" అన్నా. తీసినాడు. గాళెప్పకు వేరే డ్రైవర్ని చూసుకొమ్మని కబురు పంపినాడు.

బోర్డు ఎక్కించే దినం మా ఇంటాయన, హొన్నప్ప, హుసేనప్ప అందరూ వచ్చినారు. నేను అంగడికి వీపు తిప్పి హోటలు దిక్కు మొగం పెట్టి నిలబడినా. చూడాలని ప్రాణం కొట్టుకుంటాండాది. కానీ బిడ్డ బాగుపడేది చూసి తల్లి కడుపు నిండితే, ఆ చూపే వానికి తగులుతుందని మా అత్త ఎప్పుడూ అంటాండె. కట్టేదానికి దారమూ లేదు, చెప్పూ లేదు. నా కండ్లనైనా నేను కట్టేసుకోవాల కదా.

"అమ్మా, సరిగ్గా ఉండాదా?" నిచ్చెన మీద నుంచి వాడు.

"మీ నాయన్ని అడుగు."

"ఎడమపక్క దిగిందిరా" అన్నాడు మా ఇంటాయన.

"యా ఎడమ? నీదా, నాదా?"

"అంగడిది."

"అంగడికి ఎడమ యాడుంటుంది నాయనా!"

"యశోదమ్మా, ఒక్కతూరి తిరిగి చూడమ్మా. కన్నడం భలే కనపడతాండాది" అని హొన్నప్ప.

"నా బదులు నువ్వే చూడప్పా. నువ్వు పరాయోడివి, ఉమ్మేసి చూడు" అన్నా.

మేకులు కొట్టే చప్పుడు వినిపించింది. తర్వాత నిచ్చెన మెట్లు కిర్రుకిర్రుమన్నాయి. వాని రెండు కాళ్లూ నేల మీద ఆనిన చప్పుడు వినినాక ఊపిరి వదిలినా.

"ఎప్పుడు చూస్తావుమా మరి?" అని భుజం మీద చేయి వేసినాడు.

"రాత్రి కరెంటు పోనీ నాయనా. అప్పుడు చూస్తా."